తక్కెడకు ముద్ర ఉంది, థర్మామీటరుకేదీ?

మే నెలలో ఏదో ఒక మధ్యాహ్నం మడికొండ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డవాళ్లను ‘ఇవాళ ఎండ ఎంతండీ?’ అని అడిగి చూడండి. ఒకాయన ఫోను తీసి నలభై మూడంటాడు. పక్కనున్నాయన ఫోనులో నలభై ఒకటే ఉంటుంది. కారాపి నీళ్ల సీసా కొనుక్కుంటున్న పెద్దమనిషి లోపలికి తొంగిచూసి ‘నా బండిలో నలభై ఏడు చూపిస్తోంది’ అని గర్వంగా ప్రకటిస్తాడు. సోడాబండి అతను మాత్రం ‘అంకెలెందుకు సార్, ఎండ సంపుతున్నది’ అంటాడు. నలుగురిలోనూ ఆధారంతో మాట్లాడింది అతనొక్కడే అని నా అభిప్రాయం. మిగతా ముగ్గురూ చెప్పింది తాము కొలిచింది కాదు, ఎవరో చూపించింది. చూపించినవాణ్ణి ఎవరు సరిచూశారు, ఎప్పుడు సరిచూశారు అని అడిగితే ముగ్గురి దగ్గరా జవాబుండదు.

వాళ్లను ఆక్షేపించి ప్రయోజనం లేదు. మన ప్రయోగశాలలో ఎర్రంకెలు మెరిసే డిజిటల్ మీటర్ల ముందు నిలబడి అదే ప్రశ్న వేస్తే మన దగ్గర మాత్రం జవాబుందా? ఇన్‌స్ట్రుమెంటేషన్ పాఠం చెప్పి పొట్టపోసుకునేవాణ్ణి గనుక ఈ ప్రశ్న వేసే హక్కు నాకు కొంచెం ఉందనుకుంటాను. ఈ సంచికలో కవితలూ కథలూ ఎలాగూ ఉంటాయి. వాటి మధ్య ఒక థర్మామీటరు గోడు కూడా వినండి.

మొదట ఒక సంగతి. 2024 మే 29న ఢిల్లీ శివారు ముంగేష్‌పూర్‌లోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం 52.9 డిగ్రీలు నమోదు చేసింది. దేశంలో ఎన్నడూ ఎరుగని ఎండ అని సాయంత్రానికల్లా లోకమంతా గగ్గోలెత్తింది. అదే రోజు ఢిల్లీలోని తక్కిన కేంద్రాలు చూపించినవి 45.2 నుంచి 49.1 దాకా మాత్రమే. వాతావరణశాఖ వారు అనుమానపడ్డారు. మనుషులను పంపి ప్రామాణిక పరికరంతో పక్కపక్కన పెట్టి పోల్చారు. ఆ సెన్సారు మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని తేలింది. అంకె వెలువడిన వేగం ముందు అంకె మీద విచారణ చాలా నిదానంగా నడిచింది. అయితే విచారణ జరిగింది, ఫలితాన్ని దాచకుండా చెప్పారు, అందుకు మెచ్చుకోవాలి. లిబియాలోని అల్ అజీజియాలో 1922 సెప్టెంబరు 13న నమోదైన 58 డిగ్రీల సంగతి ఇంకా విచిత్రం. భూమ్మీద అత్యధిక ఉష్ణోగ్రత ఇదేనని మనమంతా జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో బట్టీపట్టాం. తొంభై ఏళ్ల తర్వాత, 2012లో, ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని కొట్టివేసింది. అనుభవం లేని పరిశీలకుడు పరికరంలో సూచికను ఒక చివర చదవాల్సింది మరో చివర చదివి ఉంటాడనీ, తేడా సుమారు ఏడు డిగ్రీలనీ నిపుణులు తేల్చారు. తొంభై ఏళ్లపాటు పోటీ పరీక్షల్లో ఆ ఏడు డిగ్రీలకూ మార్కులు పడ్డాయన్నమాట.

ఇక మన ఊరి వైపు రండి. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిరప బస్తా కాంటా ఎక్కితే రైతు కళ్లు ముల్లు మీదే ఉంటాయి. ఆ కాంటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, గడువు తీరితే మళ్లీ వేయించుకోవాలి. ముద్ర లేదని తెలిస్తే యార్డులో గొడవే. కిలోకు నూరు గ్రాములు తగ్గించినవాణ్ణి మన జనం నాలుగు తరాలు గుర్తుపెట్టుకుని తిట్టుకుంటారు. సరే, ధర రాలేదని అదే మిరపను రైతు కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. అక్కడ గోడ మీద మీటరు 7.0 అని చూపిస్తోంది. ఆ ఏడు నిజంగా ఏడేనా? పది దాటి పన్నెండైతే గింజ రంగు మారుతుందా, పురుగు పడుతుందా అన్నది రైతుకు నెలల తర్వాత గాని తెలియదు. తూకంలో మోసం జరిగితే అప్పుడే పట్టుకుంటాం. ఉష్ణోగ్రతలో తప్పు జరిగితే ఆర్నెల్లకు బస్తా విప్పినప్పుడు బయటపడుతుంది, అప్పటికి తప్పెవరిదో తేలదు. తక్కెడకున్న మర్యాద థర్మామీటరుకు మన సమాజంలో ఇంకా రాలేదు.

పాఠ్యపుస్తకాల్లో దీన్ని క్రమాంకనం అన్నారు. అందరం క్యాలిబ్రేషన్ అనే అంటాం కాబట్టి నేనూ అదే అంటాను. క్యాలిబ్రేషన్ అంటే రిపేరు అని సగం మంది అనుకుంటారు. ‘సార్, మీటరు క్యాలిబ్రేషన్‌కు పోయింది, బాగై వస్తది’ అంటాడు అటెండరు. బాగై రాదు నాయనా! వెళ్లిన మీటరు వెళ్లినట్టే తిరిగొస్తుంది. దాంతోపాటు ఒక కాగితం వస్తుంది. నీ మీటరు ఇక్కడ ఇంత ఎక్కువ చూపిస్తోంది, అక్కడ ఇంత తక్కువ చూపిస్తోంది, మా మాట మీద మాకే ఇంత మేరకు అనుమానం ఉంది అని ఆ కాగితం చెబుతుంది. అసలు సరుకు ఆ కాగితమే. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి మీటరును మాత్రం బల్లమీద పెట్టుకుంటే డబ్బు దండగ. మీటరు వెనక్కి వచ్చాక దాని అంకెల్ని యథాతథంగా రాసుకునే ప్రయోగశాలలు ఎన్నో ఉన్నాయి. నేను చూసిన ఒకచోట సర్టిఫికెట్టుకు లామినేషన్ చేయించి గోడకు తగిలించారు. తనిఖీకి వచ్చినవాళ్లు దాన్ని చూసి టిక్కు పెట్టుకుని వెళ్లారు. అందులో రాసిన సవరణను ఏ విద్యార్థి రికార్డులోనూ వెతికినా కనిపించలేదు.

సవరణ ఎందుకు ముఖ్యమో ఒక లెక్కతో చెబుతాను. ప్లాటినం తీగతో చేసే పీటీ 100 అనే సెన్సారు అందరూ ఎరిగిందే. సున్నా డిగ్రీల దగ్గర దాని నిరోధం 100 ఓములు, నూరు డిగ్రీల దగ్గర 138.5 ఓములు. అంటే డిగ్రీకి సుమారు 0.385 ఓము పెరుగుతుంది. సెన్సారును మీటరుకు కలిపే రెండు తీగల నిరోధం కలిసి ఒక ఓము ఉందనుకోండి. పొడుగు తీగ అయితే అదేమీ వింత కాదు. ఆ ఒక్క ఓమును మీటరు ఉష్ణోగ్రత కింద లెక్కకట్టి 2.6 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. మీటరు మంచిదే, సెన్సారు మంచిదే, మధ్యలో రాగి తీగ చేసిన ఘనకార్యం ఇది. అందుకే జాగ్రత్తగా కొలిచేవాళ్లు నాలుగు తీగలు వాడతారు. రెండింటి గుండా కరెంటు పోతుంది, తక్కిన రెండూ వోల్టేజి మాత్రమే చూస్తాయి. కరెంటు ఎక్కువ పంపితే తెర మీద అంకె గట్టిగా నిలబడుతుందని ఆశపడేవాళ్లున్నారు. ఒక మిల్లీ ఆంపియరు పంపితే సెన్సారులో పుట్టే వేడి ఒక మిల్లీ వాటులో పదోవంతు. పది మిల్లీ ఆంపియర్లు పంపితే అది నూరురెట్లవుతుంది. అప్పుడు థర్మామీటరు కొలిచేది తన ఒంటి వేడినే.

ఇప్పుడు సరిచూసే పద్ధతికి వద్దాం. ఇందుకు లక్షల రూపాయల యంత్రం కావాలని, అది లేదు గనుక మనం చేతులు ముడుచుకు కూర్చోవాల్సిందేనని ఒక సాకు కాలేజీల్లో పాతుకుపోయింది. మొదటి మెట్టుకు కావలసింది ఒక థర్మాస్ ఫ్లాస్కు, శుభ్రమైన మంచు, ఓపిక. మంచు కరిగే ఉష్ణోగ్రతను ప్రకృతి ఉచితంగా ఇచ్చింది. మడికొండలోనైనా మాస్కోలోనైనా అది సున్నాయే, మంత్రిగారు వచ్చినా మారదు.

అయితే ఉచితం అన్నాను గాని సులువు అనలేదు. మన పిల్లలు సున్నా చేసే తీరు చూస్తే నవ్వొస్తుంది. బీకరులో కుళాయి నీళ్లు పోసి, చెరుకురసం బండి దగ్గర కొన్న నాలుగు ఐసు ముక్కలు తేలవేసి, అందులో సెన్సారు ముంచి ‘సార్, 2.4 దగ్గర ఆగిపోయింది, మీటరు చెడిపోయింది’ అంటారు. మీటరు నిక్షేపంగా ఉంది. ముక్కలు పైన తేలుతున్నాయి, సెన్సారు కొస అడుగున ఉంది. సున్నా డిగ్రీల నీటికన్నా నాలుగు డిగ్రీల నీరు బరువు, అది అడుగుకు చేరుతుంది. అడుగున ఉన్నది సున్నా కాదని మీటరు నిజాయితీగా చెబుతోంది, మనమే దాన్ని తిడుతున్నాం. పైగా ఆ ఐసు బోరునీళ్లతో చేసింది. మన వైపు బోరునీళ్ల సంగతి చెప్పేదేముంది, కెటిల్‌లో కాచితే అడుగున సున్నం పేరుకుంటుంది. లీటరుకు ఒక్క గ్రాము ఉప్పు కలిసినా గడ్డకట్టే స్థానం సుమారు 0.06 డిగ్రీ కిందికి జారుతుంది. మామూలు పనికి ఆ తేడా లెక్కలోకి రాదు గాని, నూరోవంతు చూపించే మీటరును సరిచూడటానికి బయలుదేరినవాడికి అది ఆరు అంకెల తేడా.

సరైన పద్ధతి ఇది. డిస్టిల్డ్ వాటరును ముందురోజే ఫ్రిజ్‌లో గడ్డకట్టించాలి. ఆ గడ్డను శుభ్రమైన గుడ్డలో చుట్టి చిన్న రవ్వలయ్యేదాకా కొట్టాలి. చేతి చెమట తగలకూడదు, చేతుల్లో కూడా ఉప్పు ఉంటుంది. ఫ్లాస్కు నిండా రవ్వ నింపి, రవ్వల సందులు నిండేటంత మాత్రమే చల్లని డిస్టిల్డ్ వాటరు పోయాలి. మంచు తేలకూడదు, అడుగుదాకా కూరుకుని ఉండాలి. బస్తాలో తడిసిన పంచదారలా ఉండాలనుకోండి. కిందికి దిగిన నీటిని అప్పుడప్పుడూ పీల్చేసి పైన రవ్వ కలుపుతుండాలి. సెన్సారును కనీసం జానెడు లోతు దింపాలి. లేకపోతే దాని కాడ గుండా గదిలోని వేడి కిందికి పాకుతుంది. ఆ తర్వాత పావుగంట ఏమీ చెయ్యకూడదు. అన్నింటికన్నా కష్టమైన మెట్టు ఇదే. ఫోను జేబులో పెట్టుకుని పావుగంట కూర్చోవడం ఈ కాలంలో తపస్సే. ఆ తర్వాత నిమిషానికొకటి చొప్పున పది రీడింగులు రాయాలి. శ్రద్ధగా చేసిన ఇలాంటి మంచును డిగ్రీలో నూరోవంతు దాకా నమ్మవచ్చు. పెద్ద ప్రయోగశాలలు దీనికన్నా ఒక మెట్టు పైకెళ్లి గాజు గొట్టంలో నీరు, మంచు, ఆవిరి మూడూ కలిసి ఉండే త్రిక బిందువును వాడతాయి. అది 0.01 డిగ్రీ.

రెండో మెట్టు దగ్గర మడికొండ తన సొంత తమాషా చూపిస్తుంది. ‘నీరు నూరు డిగ్రీల దగ్గర మరుగును’ అని ఆరో తరగతిలో చదివిన వాక్యం పీజీ దాకా మన వెంట వస్తుంది. అది సముద్రమట్టం దగ్గరి మాట. మన ప్రాంతం సముద్రమట్టానికి 270 నుంచి 300 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి ఆ మేరకు తక్కువ కాబట్టి నీరు 99 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఆవిరిలో సెన్సారు పెట్టి మీటరును స్క్రూ తిప్పి నూరుకు తెచ్చినవాడు, సరిగ్గా ఉన్న మీటరుకు తన చేతులతో ఒక డిగ్రీ తప్పు నేర్పినట్టే. తుపాను పట్టిన రోజున ఒత్తిడి ఇంకా తగ్గుతుంది, మరిగే స్థానమూ జరుగుతుంది. కాబట్టి బారోమీటరు చూడకుండా ఆవిరిని సాక్షిగా పిలవకూడదు. మంచు ఏ ఊరికి వెళ్లినా మాట మార్చదు, ఆవిరి ఊరిని బట్టి మాట్లాడుతుంది.

రెండు చోట్లా చూశాక కాగితం మీద ఏం వస్తుందో చూడండి. ఉదాహరణకు, మంచులో మీటరు 0.3 చూపించింది. 99.0 ఉండాల్సిన ఆవిరిలో 99.8 చూపించింది. అంటే కింద సవరణ మైనస్ 0.3, పైన మైనస్ 0.8. తప్పు రెండుచోట్లా ఒకటి కాదు. సున్నా స్క్రూ తిప్పి మంచు దగ్గర సర్దుబాటు చేసి ‘అయిపోయింది’ అనుకుంటే పైన అర డిగ్రీ తప్పు అలాగే మిగిలిపోతుంది. మధ్యలో సమంగా మారుతుందని అనుకుంటే, మీటరు నలభై చూపించినప్పుడు అసలు ఉన్నది సుమారు 39.5. మధ్యలో నిజంగా సమంగానే మారుతోందా అన్నది మూడో చోట కొలిస్తేగాని తెలియదు. అందుకు గాలియం అనే లోహం ఉంది, 29.7646 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఎండాకాలంలో బీరువాలో పెడితే తనంతట తనే కరిగి కూర్చుంటుంది, అది వేరే సంగతి. తెర మీద నాలుగు దశాంశాలున్నంత మాత్రాన అవన్నీ నిజాలు కావు. దశాంశాలు మీటరు ఎంత సన్నగా మాట్లాడగలదో చెబుతాయి. నిజం మాట్లాడుతోందా లేదా అన్నది ఈ కాగితమే చెప్పాలి.

ఇక్కడ మన ఫైనలియర్ ప్రాజెక్టుల ప్రస్తావన తేక తప్పదు. ఏటా కనీసం అరడజను ప్రాజెక్టులు ‘ఇంటర్నెట్ ద్వారా ఉష్ణోగ్రత పర్యవేక్షణ’ అనే పేరుతో వస్తాయి. బోర్డు, తెర, ఫోనులో యాప్, అన్నీ ముచ్చటగా ఉంటాయి. లోపల కొలిచేది ఎక్కువగా డీహెచ్‌టీ 11 అనే నీలం రంగు డబ్బీ. రెండు డిగ్రీలు అటూఇటూ తప్పవచ్చని దాన్ని తయారుచేసినవాడే రాసిపెట్టాడు. తెర మీద మాత్రం 34.00 అని కనిపిస్తుంది. ఆ రెండు సున్నాలూ ఎక్కడినుంచి వచ్చాయని అడిగితే ‘ప్రోగ్రాంలో పెట్టాం సార్’ అంటారు. కొంచెం ఖర్చుపెట్టగలిగినవాళ్లు డీఎస్ 18బి20 వాడతారు. దానికీ అర డిగ్రీ తేడా ఉండవచ్చు, అయినా అది 0.0625 డిగ్రీ మెట్లతో అంకెలు పలుకుతుంది. ఆ సెన్సార్ల మీద నాకు కోపం లేదు, చవకలో దొరికే మంచి సరుకే అది. నా అభ్యంతరమల్లా ఒక్కటే. నలభై పేజీల రిపోర్టులో సర్క్యూటుకు పది పేజీలు, యాప్‌కు పది పేజీలు, కృతజ్ఞతలకు రెండు పేజీలు ఉంటాయి. మేము దీన్ని మంచులో పెట్టి చూశాం, ఇంత తేడా వచ్చింది అన్న ఒక్క వాక్యం ఉండదు. వైవాలో అడిగే మేమూ తెర వెలిగిందా లేదా అని చూసి మార్కులు వేస్తున్నాం. కొత్త పరికరం తయారుచెయ్యడం గొప్పగానూ, ఉన్నదాన్ని సరిచూడటం అటెండరు పనిగానూ కనిపించడం మన చదువులకు పట్టిన జబ్బు.

దీనివల్ల ఎవరి కొంప మునిగింది అంటారేమో. 2020లో కరోనా రోజులు గుర్తుచేసుకోండి. ప్రతి గేటు దగ్గరా నుదుటికి గురిపెట్టే పిస్తోలు థర్మామీటరు ఉండేది. ఎర్రటి ఎండలో నడిచొచ్చిన మనిషి నుదురు ఒక అంకె చూపేది, ఏసీ కారు దిగినవాడి నుదురు మరొకటి. 93 ఫారన్‌హీట్ చూపించినా ‘నార్మల్’ అని లోపలికి పంపారు. నిజంగా ఒంట్లో 93 ఉన్న మనిషిని ఆస్పత్రికి పంపాలి, క్లాసుకు కాదు. ఆ అంకె అసంభవమని అక్కడున్న ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ఎవరూ అంకె చదవడం లేదు, పచ్చలైటు చూస్తున్నారు. ఆ పరికరం నుదుటి నుంచి వచ్చే పరారుణ కాంతిని కొలిచి లోపలి వేడిని అంచనా వేస్తుంది. దాన్ని సరిచూడటానికి ఉష్ణోగ్రత తెలిసిన నల్లని కుహరం కావాలి. అలాంటి కుహరం ముందు ఒక్కసారైనా నిలబడ్డ పిస్తోళ్లు ఎన్ని ఉంటాయో మీరే ఊహించుకోండి.

దానికన్నా నన్ను ఎక్కువ కలతపెట్టేది టీకాల పెట్టె. పసిపిల్లలకు వేసే టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడి తగిలితే చెడిపోతాయని అందరికీ తెలుసు. హెపటైటిస్ బి, పెంటావాలెంట్ లాంటివి గడ్డకట్టినా పనికిరాకుండా పోతాయని కొద్దిమందికే తెలుసు. కరిగించినంత మాత్రాన వాటి గుణం తిరిగిరాదు. ఇప్పుడు మీటరు రెండున్నర డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందనుకోండి. తెర మీద 2.0 ఉంటుంది, సిస్టర్‌గారు ఉదయం సాయంత్రం రిజిస్టరులో శ్రద్ధగా 2.0 అని రాస్తూ ఉంటారు. పెట్టెలో అసలు ఉన్నది మైనస్ అర డిగ్రీ. ఆమె తప్పు ఏమీ లేదు. రిజిస్టరు తప్పుపట్టడానికి వీల్లేనంత శుభ్రంగా ఉంది. సూది వేయించుకున్న బిడ్డ తల్లి కార్డు భద్రంగా దాచుకుని, రక్షణ ఉందనుకుని ఇంటికి వెళ్తుంది.

అయితే మన మంచు ఫ్లాస్కు చాలునా అంటే చాలదు. దానికి పైన ఒక వంశవృక్షం ఉండాలి. మన మీటరును ఒక మంచి మీటరుతో పోల్చాలి, దాన్ని ఇంకా మంచిదానితో పోల్చాలి, అలా పైకి పోతే ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాల దగ్గర ఆగుతుంది. స్వాతంత్ర్యం ఇంకా చేతికి రాకముందే, 1947 జనవరి 4న నెహ్రూ దానికి పునాదిరాయి వేశారు. 1950 జనవరి 21న సర్దార్ పటేల్ ప్రారంభించారు. మొదటి డైరెక్టరు కె.ఎస్. కృష్ణన్. తిండిగింజలు చాలని దేశానికి డిగ్రీ ఎంతో తేల్చుకునే ప్రయోగశాల ఎందుకని ఆనాటి పెద్దలు అనుకోలేదు. సొంత కొలత లేని దేశం ఎదుటివాడి తక్కెడలో తూగాల్సివస్తుందని వారికి తెలుసు. మన తెలుగువాడు అయ్యగారి సాంబశివరావు గారు 1967లో హైదరాబాదులో ఇసిఐఎల్‌ను నిలబెట్టినప్పుడు కూడా ఎలక్ట్రానిక్ పరికరాల్లో పరాయివాడి మీద ఆధారపడకూడదన్నదే పట్టుదల. ఇక 2019 మే 20 నుంచి కెల్విన్ నిర్వచనమే మారింది. అప్పటిదాకా నీటి త్రిక బిందువు 273.16 కెల్విన్లు అన్నది నిర్వచనం. ఇప్పుడు బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకానికి ఒక విలువ ఖాయంచేసి దాని నుంచి కెల్విన్‌ను రాబడుతున్నారు. మన ఫ్లాస్కులో మంచుకు ఈ మార్పు తెలియనే తెలియదు, అది యథాప్రకారం సున్నా దగ్గరే కరుగుతోంది. ఆండర్స్ సెల్సియస్ 1742లో తన కొలమానం వేసినప్పుడు మరిగే నీటికి సున్నా, గడ్డకట్టే నీటికి నూరు పెట్టాడు. తర్వాతివాళ్లు తిప్పేశారు. మన మాట కోసం నీరు ఎప్పుడూ ఆగలేదు.

మడికొండకు ఇప్పుడు మరో గుర్తింపు వచ్చింది. మెట్టుగుట్ట రామలింగేశ్వరుడి ఊరుగా తెలిసిన చోట ఐటీ సెజ్ వెలిసింది. 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు అక్కడ మొదలయ్యాయి. మన పిల్లలు హైదరాబాదు బస్సెక్కకుండా ఊళ్లోనే ఉద్యోగం చేసుకునే రోజు వచ్చిందని నేనూ సంతోషించాను. డేటా, డేటా అని ఈ రోజుల్లో అందరూ కలవరిస్తున్నారు. లక్షల సెన్సార్ల నుంచి అంకెలు వచ్చిపడతాయి, కంప్యూటరు వాటిని కూడుతుంది, గీతలు గీస్తుంది, జోస్యం చెబుతుంది. అన్నింటికీ మొదట్లో ఎక్కడో ఒక గోడకు వేలాడుతున్న సెన్సారు ఉంటుంది. అది మూడు డిగ్రీలు ఎక్కువ చెబుతుంటే, ముంగేష్‌పూర్‌లో లాగే, కంప్యూటరు ఆ తప్పును క్షణంలో ప్రపంచమంతా మోసుకెళ్తుంది. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లే మన విద్యార్థి ఒక్కసారైనా చేతులు చల్లబడేలా మంచు కొట్టి ఉంటే, తెర మీద అంకె చూసి ‘ఇది ఎక్కడిది?’ అని అడగడం అలవాటవుతుంది.

అందుకని విద్యార్థి సంఘానికీ, శాఖాధిపతులకూ ఒక ప్రతిపాదన చేస్తున్నాను. పెద్ద ఖర్చు కాదు. నాలుగు తీగల ప్లాటినం థర్మామీటరు మంచిది ఒకటి కొందాం. దాన్ని ఏడాదికోసారి గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపి సర్టిఫికెట్టు తెప్పించుకుందాం. అది మన ఇంటిపెద్ద. దాన్ని రోజువారీ ప్రయోగాలకు ఎవరికీ ఇవ్వకూడదు, ఎంత పలుకుబడి ఉన్నవాడు అడిగినా సరే. సెన్సారు వాడే ప్రతి ప్రాజెక్టూ వైవాకు ముందు మంచులో ఒకసారి, గోరువెచ్చని నీళ్లలో ఇంటిపెద్ద పక్కన ఒకసారి నిలబడాలి. వచ్చిన తేడాను రిపోర్టు మొదటి పేజీలో రాయాలి. తేడా ఎక్కువుంటే మార్కులు తగ్గించకూడదు. తేడా రాయకపోతే తగ్గించాలి.

రెండో భాగం కాలేజీ గోడ దాటేది. ఎన్నెస్సెస్ పేరుతో ఏటా చీపుళ్లు పట్టుకుని ఫోటోలు దిగుతాం, మంచిదే. ఒక శనివారం ఇన్‌స్ట్రుమెంటేషన్, ఫిజిక్సు పిల్లలు ఇంటిపెద్దనూ ఫ్లాస్కునూ మోసుకుని మడికొండ చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాలకు, మందుల షాపులకు, ఒప్పుకుంటే కోల్డ్ స్టోరేజీలకు వెళ్లి, వాళ్ల థర్మామీటర్లను పక్కన పెట్టి పోల్చి ఒక చీటీ రాసివ్వగలరు. దీనికి అభ్యంతరాలు అప్పుడే నా చెవిన పడ్డాయి. మనకు అధికారం లేదు, మన చీటీ చట్టం ముందు చెల్లదు అన్నారొక మిత్రులు. నిజమే, చెల్లదు. మనం సర్టిఫికెట్టు ఇస్తామనడం లేదు. మీ మీటరు రెండు డిగ్రీలు తేడాగా ఉన్నట్టుంది, గుర్తింపు ఉన్నవాళ్ల చేత ఒకసారి చూపించండి అని చెబుతాం. పక్కింటివాడి కళ్లు పచ్చబడితే డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పడానికి మనకు ఎంబీబీఎస్ పట్టా కావాలా? తప్పు చూపిస్తే వాళ్లకు కోపం వస్తుందని ఇంకొకరు అన్నారు. వస్తుంది, కొందరికి. అందుకే చీటీ ఒకే ఒక్క ప్రతి రాయాలి, దాన్ని వాళ్ల చేతిలోనే పెట్టాలి. మన రిజిస్టరులో తేదీ, మీటరు రకం, తేడా మాత్రమే ఉండాలి, ఊరూ పేరూ వద్దు. మూడేళ్లు అలా రాస్తే మన ప్రాంతంలో ఏ రకం మీటరు ఎన్నాళ్లకు ఎటు జరుగుతోందో తెలుస్తుంది. అది ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

డబ్బు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. పూర్వ విద్యార్థులు ఈ సంచికకు ప్రకటనలు ఇస్తున్నారు, అందుకు కృతజ్ఞతలు. వచ్చే ఏడాది ఎవరైనా ఒకరు పూర్తి పేజీ ప్రకటన బదులు ఆ థర్మామీటరు ఇప్పిస్తే దాని పెట్టె మీద వారి పేరు రాయిస్తాం. ఫ్లాస్కు నేను తెస్తాను. డిస్టిల్డ్ వాటరు కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటు వారు ఇస్తామన్నారు. ఫ్రిజ్ మాత్రం స్టాఫ్ రూములోది వాడుకోవాలి. అందులో మంచినీళ్ల సీసాలు పెట్టుకునే పెద్దలు శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం ఉదయం దాకా పై అర ఖాళీ చేసి ఇవ్వాలని మనవి.